తాత వాచీ చైనులో ఐదు ముక్కలు

ఈ ఏడాది మా ఇంట్లో పెద్ద పంచాయితీ జరిగింది. ఊళ్ళో పొలం గురించి కాదు, పెళ్ళి గురించీ కాదు. ఒక వాచీ చైను గురించి. చదివేవాళ్ళకి నవ్వొస్తుందేమో గాని, రెండు ఆదివారాలు, లెక్కలేనన్ని ఫోన్లు, ఒక అలక అయితే గాని అది తెగలేదు. షోలాపూర్‌లో, భివండీలో, సూరత్‌లో, భిలాయిలో ఉన్న మనవాళ్ళ ఇళ్ళల్లో కూడా బీరువా లోపలి అరలో ఇలాంటి వాచీ ఒకటి ఉండే ఉంటుంది. ఇంట్లో పోయినవాళ్ళ వాచీ. ఎవరూ పెట్టుకోరు, ఎవరికీ ఇవ్వరు. అలాంటి దాన్ని ఏం చేయాలన్న దాని మీద మాకు ఒక గట్టి అభిప్రాయం ఏర్పడింది. అది చెప్పడానికే ఈసారి రాయడం.

వాచీ తాతది. హెచ్‌ఎంటీ కోహినూర్. చావి తిప్పితే నడిచేది, 17 జ్యుయెల్స్. తాత కరీంనగర్ వైపు నుంచి చాందాకి బొగ్గు బాయి పనికి వచ్చినవాడు. (మా ఇంట్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ చంద్రపూర్ అనరు, చాందా అనే అంటారు.) లాల్‌పేట్ వైపు క్వార్టర్లలో ఉండి, మొదట కూలీగా చేసి, తర్వాత రాత్రుళ్ళు చదువుకుని పరీక్ష పాసై మైనింగ్ సర్దారు అయ్యాడు. సర్దారు పని చిన్నది కాదు. మనుషుల్ని పనిలోకి పంపకముందే లోపల తిరిగి పైకప్పు ఎట్లుంది, గ్యాసు ఉందా అని చూడాలి. చూసింది చూసినట్టు టైముతో సహా రిపోర్టు బుక్కులో రాసి సంతకం పెట్టాలి. "టైము అందాజగ రాసుడంటే అబద్ధం రాసుడే" అనేవాడట. అందుకని ఒక బోనసు డబ్బంతా పెట్టి నాగ్‌పూర్ పోయి ఈ వాచీ కొన్నాడు.

అప్పట్లో హెచ్‌ఎంటీ అంటే అడగ్గానే దొరికేది కాదు. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో మొదలైన ఫ్యాక్టరీ అది, మొదటి వాచీలు నెహ్రూ చేతుల మీదుగా బయటికి వచ్చాయి. పెళ్ళికొడుక్కి పెట్టాలన్నా, ఉద్యోగం వచ్చిన పిల్లాడికి కొనాలన్నా ముందు ఆ పేరే. మా కాక మాత్రం, హైదరాబాదులో సీకో వాళ్ళ సహకారంతో తయారయ్యే ఆల్విన్ వాచీ కొనమని, అది మన వాచీ అని, తాతతో పోట్లాడాడట. తాత వినలేదు. ఇప్పుడు ఆల్విన్ లేదు. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని కూడా మూసేయాలని కేంద్ర ప్రభుత్వం 2016 జనవరిలో నిర్ణయం తీసుకుంది. తాత వాచీ మాత్రం చావి ఇస్తే ఇప్పటికీ తిరుగుతుంది.

దానికి స్టీలు చైను వేయించుకున్నది తాతే. ఆయనకి చైను వదులుగా ఉండాలి. చెయ్యి పైకెత్తితే వాచీ జర్రున కిందికి జారి సగం ముంజేతి మీద ఆగేది. ఆ చప్పుడు మాకందరికీ గుర్తే. తాత పోయి తొమ్మిదేళ్ళు. వాచీ కూడా తొమ్మిదేళ్ళుగా బీరువాలోనే ఉంది.

ఇప్పుడు మా ఇంటి చిన్నపిల్లకి నాగ్‌పూర్‌లో నర్సింగు సీటు వచ్చింది. కాలేజీ వాళ్ళు ఇచ్చిన లిస్టులో తెల్ల బూట్లు, కత్తెర, వగైరాలతో పాటు సెకండ్ల ముల్లు ఉన్న వాచీ అని ఉంది. నాడి లెక్కపెట్టాలంటే సెకండ్ల ముల్లు కావాలి. పిల్ల ఆ లిస్టు చదివి, ఎవర్నీ అడక్కుండా బీరువా తీసి తాత వాచీ పెట్టుకుని వచ్చింది. పెట్టుకుందంటే పెట్టుకుంది గాని, చెయ్యి కిందికి వదిలితే లాకు తియ్యకుండానే పిడికిలి మీదుగా జారి నేల మీద పడేటట్టుంది. దాని మణికట్టుకి దారం చుట్టి కొలిస్తే 14 సెంటీమీటర్లు.

అక్కడ మొదలైంది పంచాయితీ.

కాక అన్నాడు: "గది మొగోళ్ళ వాచీ. పిల్లకెందుకే? దానికో లేడీస్ వాచీ కొందాం. ఇది పొరనికియ్యాలె." పొరడంటే మా పెద్ద మనవడు, పూణేలో ఉద్యోగం. వాడి మణికట్టు దాదాపు తాతదంతే ఉంటుంది, చైను ముట్టుకోనక్కర లేదు. అయితే వాడు ఫోన్లోనే చెప్పేశాడు, నాకొద్దు, నా వాచీ అడుగులు లెక్కపెడుతుంది, నిద్ర లెక్కపెడుతుంది, దీనికి రోజూ చావి ఎవరిస్తారు అని. అయినా కాక వదల్లేదు. వాడికి తర్వాతైనా బుద్ధి పుడుతుంది, అప్పటిదాకా బీరువాలో ఉండనీ అన్నాడు.

ఇక్కడే మా మొదటి అభ్యంతరం. మణికట్టు సైజును బట్టి వారసుణ్ణి నిర్ణయించే పద్ధతి ఎక్కడిది? నిజానికి చేతికి కట్టుకునే గడియారం మొదట్లో ఆడవాళ్ళ నగే. మగవాళ్ళు జేబులో గొలుసు గడియారం పెట్టుకునేవాళ్ళు, చేతికి కట్టుకోవడం నామోషీ అనుకునేవాళ్ళు. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో కూర్చున్న సైనికులకి జేబులోంచి గడియారం తీసి చూసే తీరిక లేక చేతికి కట్టుకున్నారు. అప్పటినుంచి అది మగవాళ్ళ వస్తువు అయింది. పైగా మా తాత వాచీ కేసు అడ్డంగా కొలిస్తే 35 మిల్లీమీటర్లు. ఇవాళ దుకాణాల్లో పిల్లలు కొనుక్కునే పళ్ళేల్లాంటి వాచీల ముందు అది చిన్నదే. సన్నని చేతి మీద నిండుగా కూర్చుంటుంది, అంచులు బయటికి పొడుచుకు రావు. పెద్దగా ఉన్నది చైను మాత్రమే. చైను అనేది పెంచడానికి, తగ్గించడానికి వీలుగా ముక్కలు ముక్కలుగా చేసిన వస్తువు. ఆ వీలును వాడుకోకుండా "సరిపోదు" అనడం ఏం న్యాయం?

పెద్దత్త మధ్యే మార్గం చెప్పింది. చైను తీసి దాచి, తోలు బెల్టు వేయించి, రెండు బొక్కలు ఎక్కువ పొడిపిద్దాం అని. వినడానికి బాగానే ఉంటుంది. కాని మా ఎండల సంగతి తెలిసినవాళ్ళు తోలు బెల్టు మాట ఎత్తరు. మే నెలలో 46, 47 డిగ్రీలు కాసే ఊరు. చెమటకి తోలు నాని, ఎండి, మళ్ళీ నాని, ఏడాది తిరిగేసరికి పగిలి వాసన కొడుతుంది. స్టీలుకి ఆ బాధ లేదు, సబ్బునీళ్ళతో కడిగితే చాలు. చవకరకం పూత వేసిన చైనుల్లో నికెల్ పడక కొందరికి దద్దుర్లు వస్తాయి గాని, ఈ చైను ఇన్నేళ్ళు తాతని ఏమీ చేయలేదు, పిల్లనీ ఏమీ చేయలేదు.

అసలు గట్టిగా అడ్డుపడింది నాయనమ్మ. ఆమె అభ్యంతరం వేరు. "పిల్లకియ్యిన్రి, నేను వద్దంటలేను. గాని ఆయన తొడిగిన చైను తెగ్గొట్టొద్దు" అంది. దీనికి ఏం జవాబు చెప్పాలో చాలాసేపు మాకు తోచలేదు. ఆ మాటలో న్యాయం ఉంది మరి. ఆ చైను పొడవే తాత చెయ్యి కొలత. తగ్గిస్తే ఆ కొలత పోతుంది.

తర్వాత తోచింది, నాయనమ్మ తల్లిగారి బంగారు గాజుల సంగతి. గాజుల సైజుని మనం రెండు నాలుగు, రెండు ఆరు అంటాం కదా. రెండు అంగుళాలు, దానిపైన అంగుళంలో పదహారో వంతులు నాలుగో, ఆరో. ముత్తవ్వ గాజులు రెండు ఆరు. మా అత్తల చేతులు రెండు నాలుగు. వాళ్ళ పెళ్ళిళ్ళప్పుడు ఆ గాజులు కంసాలి కొలిమిలోకి పోయాయి. తరుగు పోయింది, మజూరీ పోయింది, అన్నిటికన్నా ముఖ్యంగా ముత్తవ్వ గాజులు పోయాయి. వచ్చినవి కొత్త గాజులు. ఎవరూ ఒక్క మాట అనలేదు, బంగారం అంటే అంతే కదా అనుకున్నారు. స్టీలు చైనుకి ఆ ఖర్మ లేదు. పిన్ను తోస్తే ముక్క విడివడుతుంది, మళ్ళీ పిన్ను పెడితే అతుక్కుంటుంది. కరిగేది లేదు, కోసేది లేదు. తీసిన ముక్కలు దాచిపెడితే ఎప్పుడంటే అప్పుడు మళ్ళీ తాత కొలతకి తెచ్చుకోవచ్చు. ఇది చెప్పాక నాయనమ్మ కాసేపు ఆలోచించి, "అయితే ఒక్క ముక్క గూడ పోవొద్దు" అని ఒప్పుకుంది.

ఈ షరతు గుర్తుంచుకోండి.

ముందు కాక ఇంట్లోనే ప్రయత్నించాడు. గుండుసూది పెట్టి పప్పుగుత్తితో కొట్టాడు. సూది వంగింది, చైను మీద గీత పడింది. అంతటితో ఆపించాం. అప్పుడు ఒక పెద్ద దుకాణానికి తీసుకుపోయాం. అద్దాలు, ఏసీ, అన్నీ ఉన్నాయి. కౌంటరు దగ్గర కుర్రాడు చైను చూసి, పిల్ల చెయ్యి చూసి, లోపలికి పోయి ఐదు నిమిషాల్లో తెచ్చిచ్చాడు. పొడవు సరిపోయింది. డబ్బిచ్చి వచ్చేశాం. ఇంటికొచ్చాక పిల్ల అంటుంది, లాకు పొడుస్తోంది అని. చూస్తే ఐదు ముక్కలూ ఒకే వైపు, అంటే 6 అంకె వైపు నుంచే తీసేశాడు. మణికట్టు కింద నడిమధ్యన ఉండాల్సిన లాకు బొటనవేలి వైపు ఎముక మీదికి వచ్చింది. డయలేమో రెండో వైపుకి వాలిపోతోంది. ఆ వాలిన డయలు చూస్తూ నాడి లెక్కపెట్టడం కుదరదు, ప్రతిసారీ వాచీ సర్దుకోవాలి.

అంతకన్నా పెద్ద సంగతి నాయనమ్మ అడిగినప్పుడు బయటపడింది. "ముక్కలేవి?" అంది. ఎవరి దగ్గరా లేవు. కుర్రాడు ఇవ్వలేదు, మేం అడగలేదు. తప్పు సగం మాది.

మర్నాడు పొద్దున్నే పోయి "కడ్యా పరత్ ద్యా" అని మరాఠీలో అడిగాం. కుర్రాడు వింతగా చూశాడు. వాటితో మీకేం పని అన్నాడు. వాళ్ళ లెక్కలో అది తుక్కు. చివరికి ఒక రేకు డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించాడు. ఎన్నెన్ని ముక్కలో! ఎవరెవరి చైనులవో, వెండి రంగువి, బంగారు రంగువి, నల్లవి. పెళ్ళిళ్ళకి కొన్నవి, రిటైరైతే ఇచ్చినవి, అన్నీ కలిసి ఒక డబ్బాలో. గంటసేపు ఏరితే మావి నాలుగు దొరికాయి. ఐదోది దొరకలేదు. ఊడ్చేశారేమో, ఇంకెవరి చైనుకో అతికించారేమో.

నాయనమ్మతో అబద్ధం చెప్పాలని ఇంట్లో ఒక పక్షం వాదించింది. ఆమెకి చూపు తక్కువ, ఏదో ఒక ముక్క కలిపి ఐదు చూపిద్దాం అని. రిపోర్టు బుక్కులో అందాజగా టైము రాయని మనిషి చైను గురించి అలా చేయడం ఏమిటని మిగతావాళ్ళం ఒప్పుకోలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాం. ఆమె రెండు రోజులు మాతో మాట్లాడలేదు.

తర్వాత జట్‌పురా గేటు దగ్గర, ఒక మెట్ల కింద కూర్చునే పెద్దాయన దగ్గరికి పోయాం. ఆయన దగ్గర బల్ల, దీపం, కంటికి బిగించుకునే భూతద్దం తప్ప ఇంకేం లేవు. ఆయన పని చేసిన తీరు మాత్రం అందరికీ తెలియాలి, ఎందుకంటే ఇది తెలిస్తే ఎవరూ మిమ్మల్ని మోసం చేయలేరు, మీరూ పప్పుగుత్తి జోలికి పోరు.

ముందు పిల్లని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, చెయ్యి కిందికి వదిలి పది నిమిషాలు ఆగమన్నాడు. ఎండలో నడిచి వచ్చిన చెయ్యి కొంత ఉబ్బి ఉంటుంది, పొద్దున్న లేవగానే సన్నగా ఉంటుంది. ఏదో ఒక దానికి కొలిచి బిగిస్తే రెండో పూట బాధే. తర్వాత చైనును లాకు వేసి లోపలి చుట్టు కొలిచాడు. మేం మొదటి రోజు కొలిచి పెట్టుకున్న లెక్క కూడా చెప్పాం. తాత పొడవు 18న్నర సెంటీమీటర్లు. పిల్లకి 14న్నర కావాలి, చిటికెన వేలు దూరేంత వదులుతో. తేడా 4 సెంటీమీటర్లు. ఒక్కో ముక్క 8 మిల్లీమీటర్లు, కాబట్టి ఐదు ముక్కలు. అంటే దుకాణం కుర్రాడి లెక్క తప్పు కాదు, తీసిన చోటు తప్పు. ముక్కలు రెండు వైపులా సమంగా తీయాలి. బేసి సంఖ్య వస్తే ఎక్కువది 6 వైపు నుంచి తీయాలి. ఆ లెక్కన 6 వైపు మూడు, 12 వైపు రెండు. ఆయన మేం తెచ్చిన నాలుగింట్లో రెండు మళ్ళీ 6 వైపు అతికించి, 12 వైపు నుంచి రెండు తీశాడు.

తీయడం కూడా కొట్టి కాదు, చూసి. చైను లోపలి వైపు ముక్కల మీద చిన్న బాణం గుర్తు ఉంటుంది. పిన్నును బాణం చూపించే దిక్కుకే బయటికి తోయాలి, పెట్టేటప్పుడు ఎదురు దిక్కు నుంచి లోపలికి పెట్టాలి. పిన్ను ఒక కొస చీలి ఉంటుంది, ఆ చీలికే రంధ్రంలో బిగుసుకుని పట్టి ఉంచుతుంది. తిరగేసి కొడితే రంధ్రం వదులై, ఏదో ఒక రోజు బస్సు ఎక్కుతుంటే పిన్ను జారి వాచీ రోడ్డు మీద ఉంటుంది. సీకో, సిటిజన్ లాంటి కొన్ని చైనుల్లో పిన్ను మధ్యన ఆవగింజంత గొట్టం ఒకటి ఉంటుంది. పిన్ను తీయగానే అది రాలి పడుతుంది, అది లేకుండా పిన్ను పెడితే నిలవదు. అందుకే ఆయన కింద తెల్లగుడ్డ పరిచి గాని పని మొదలుపెట్టలేదు. మరలతో బిగించే చైనులు ఇప్పుడు వస్తున్నాయి, వాటికి సరైన స్క్రూడ్రైవరు ఉంటే చాలు. పాత చవక చైనుల్లో రేకు మడిచి చేసినవి ఉంటాయి, వాటిని పదేపదే విప్పితే మడత విరుగుతుంది, ఒక్కసారే ఆలోచించి తీయించుకోండి. లాగితే సాగే స్ప్రింగు చైనులు, చేతి వెంట్రుకలు పీకేవి, వాటి గురించి మాకు చెప్పడానికేమీ లేదు, మాకు అవంటే మొదట్నుంచీ గిట్టదు.

12 వైపు పిన్నులు తోస్తుంటే ఒక సంగతి జరిగింది. ముక్కల సందుల్లోంచి తెల్లగుడ్డ మీద నల్లగా పొడి రాలింది. మేం మురికి అనుకున్నాం. పెద్దాయన వేలితో అద్ది, భూతద్దంలో చూసి, మా వంక చూశాడు. "ఖదాన్‌లో పనిచేసేవారా?" అని హిందీలో అడిగాడు. చాందా మనిషికి బొగ్గు వేరే చెప్పాలా. తాత రిటైరై ఎన్నేళ్ళయిందో, పోయి ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టుకుంటూ కాసేపు ఎవరం మాట్లాడలేదు. పిల్ల ఆ గుడ్డను మడిచి ఇమ్మని అడిగి తీసుకుంది.

ఇంటికొచ్చాక చైనును కడగాలా వద్దా అని ఇంకో పంచాయితీ. పిల్ల వద్దంది. ఆ బొగ్గు తాతది కదా అంది. మాకు ఆ మాట నచ్చింది గాని ఒప్పుకోలేదు. ఆ పొడి చెమటతో కలిసి ఆకురాయిలా పనిచేస్తుంది. రోజూ కదిలే పిన్నుని, రంధ్రాన్ని కొద్దికొద్దిగా అరగదీస్తుంది. పాత చైనుని అడ్డంగా పట్టుకుంటే విల్లులా కిందికి వేలాడటం చూసే ఉంటారు, ఆ అరుగుదల వల్లే. దాచుకోవాలనుకుంటే గుడ్డలో దాచుకోవాలి, చైనులో కాదు. దీనికి తీర్పు మాత్రం నాయనమ్మ చెప్పింది. రెండు రోజుల తర్వాత ఆమె నోరు విప్పింది ఈ మాటతోనే. "ముప్ఫై ఏండ్లు ఆయన బట్టల బొగ్గు ఉతికిన. గిది గూడ ఉతుకుండ్రి." వాచీ నుంచి చైను విడదీసి, గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు వేసి, మెత్తని పళ్ళ బ్రష్షుతో తోమాం. (వాచీని మాత్రం నీళ్ళ దగ్గరికి తేకండి. పాత హెచ్‌ఎంటీలోకి తడి పోయిందంటే అంతే.) బాగా ఆరనిచ్చి మళ్ళీ తగిలించాం. నీళ్ళు నల్లగా మూడుసార్లు మార్చాల్సి వచ్చింది.

ఇప్పుడు పిల్ల చేతికి అది ఎంత బాగా కూర్చుందంటే, కాక కూడా చూసి ఊరుకున్నాడు. చెయ్యి ఎత్తితే జారదు. చప్పుడు కూడా రాదు. ఆ చప్పుడు రానందుకు మాకు కొంచెం వెలితిగానే ఉంది, దాచడం ఎందుకు. కాని ఆ చప్పుడు కోసం వాచీని బీరువాలో పెడితే బీరువాలోనూ రాదు కదా.

లాకు పక్కన సన్నని రంధ్రాలు మూడు నాలుగు ఉంటాయి. చైను కొసని వాటిలో ఏదో ఒక దాంట్లో చిన్న స్ప్రింగు కడ్డీతో పెడతారు. పెద్దాయన దాన్ని మధ్య రంధ్రంలో పెట్టి పంపాడు. చలికాలం ఒక రంధ్రం లోపలికి, ఎండాకాలం ఒక రంధ్రం బయటికి మార్చుకోవచ్చని చూపించాడు. ఇది మా ఊళ్ళో తెలిసి ఉండాల్సిన సంగతి, ఎండకి చెయ్యి ఉబ్బితే చైను కోసుకుపోతుంది. మే నెలలో పిల్ల హాస్టల్ నుంచి ఫోను చేసి, బిగుతైందని, తనే సన్నని పుల్లతో కడ్డీ నొక్కి మార్చుకున్నానని చెప్పింది. వార్డులో చేతులు కడిగేటప్పుడు తీసి జేబులో పెట్టుకోమంటారట. నాడి చూసేటప్పుడు పెట్టుకుంటుందట. ఒక ముసలాయన నాడి లెక్కపెడుతుంటే ఆయన తన చెయ్యి సంగతి మరిచిపోయి దీని చెయ్యి చూసి, "హెచ్‌ఎంటీ?" అన్నాడట.

మిగిలిన నాలుగు ముక్కల్నీ నాయనమ్మ తన దగ్గర పెట్టుకుంది. తాత తలనొప్పికి వాడిన అమృతాంజనం సీసా ఒకటి ఖాళీది ఆమె దగ్గర ఉంది, దాంట్లో వేసింది. (ఆ అమృతాంజనం కూడా మనలాగే మహారాష్ట్రలో పుట్టిన తెలుగు వస్తువే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టారు.) ముక్కలతో పాటు ఒక చీటీ వేశాం. ఏ వైపు నుంచి ఎన్ని తీశాం, ముక్క పొడవెంత, బాణం ఎటు, అసలు పొడవెంత, అంతా తెలుగులో రాశాం. రాశాక గుర్తొచ్చింది, ఈ చీటీ చదవాల్సిన పిల్లకి తెలుగు మాట్లాడటం వచ్చు గాని చదవడం కూడబలుక్కుని గాని రాదు. దాని తర్వాతి వాళ్ళ సంగతి చెప్పలేం. అందుకని కింద అదే నాగరి లిపిలో కూడా రాశాం, మాటలు తెలుగు, అక్షరాలు మరాఠీవి. అంకెలు ఎట్లాగూ అందరికీ వస్తాయి.

నాయనమ్మ షరతు మాత్రం ఇంకా తీరలేదు. ఆ ఒక్క ముక్క లేకుండా ఆ చైను తాత కొలతకి మళ్ళీ రాదు, 8 మిల్లీమీటర్లు తక్కువే ఉంటుంది. కాబట్టి చదివేవాళ్ళకి ఒక మనవి. స్టీలు చైను, వాచీ దగ్గర 18 మిల్లీమీటర్ల వెడల్పు, ఒక్కో ముక్కలో మధ్యన నున్నటి పట్టీ, అటూ ఇటూ సన్నని గీతల పట్టీలు, లోపలి వైపు బాణం గుర్తు. 1980ల నాటిది. మీ ఇంట్లో అలాంటి చైను పాడైపోయి మూల పడి ఉంటే, పారేయకండి. మాకు ఒక్క ముక్క చాలు. తపాలా ఖర్చు మేం పెట్టుకుంటాం, నాయనమ్మ అరిసెలు కూడా పంపిస్తానంటోంది.